పళ్ళ పుట్టగొడుగుకి ఉప్పు పెట్టిన అత్త

నా దస్తూరీ బాగుంటుందని నాకు చిన్నప్పటి నుంచీ పొగరు. ఆ పొగరుతోనే రంగూన్‌లో ఉద్యోగం సంపాదించాను, ఆ పొగరుతోనే దాన్ని పోగొట్టుకోబోయాను. పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మా వాళ్ళలో సగం మంది రేవులో బస్తాలు మోసేవాళ్ళు, తక్కిన సగం ధాన్యం మిల్లుల్లో ఊక పీల్చేవాళ్ళు. సిరాతో బతికేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఎవరూ మరచిపోకుండా జేబులో ఎప్పుడూ కలం బయటికి కనిపించేట్టు పెట్టుకునేవాణ్ణి.

నా ఆఫీసు బొటాటౌంగ్ రేవు దగ్గర ఒక పాత భవనం మేడ మీద ఉండేది. దాన్ని హెర్బేరియం అనేవారు. అడవుల్లోంచి తెచ్చిన ఆకుల్నీ పువ్వుల్నీ ఎండబెట్టి, దళసరి కాగితాలకి కుట్టి, మూలన లేబుల్ అంటించి బీరువాల్లో దాచే చోటు అది. ఎక్కడ దొరికింది, ఏ చెట్టు మీద, ఎవరు తెచ్చారు, రంగేమిటి, వాసనేమిటి, రుచేమిటి, ఇవన్నీ లేబుల్ మీద ఉండాలి. ఎండిపోయిన మొక్కకి పాత రంగూ వాసనా మిగలవు కాబట్టి, లేబుల్ ఏం చెబితే అదే నిజం. ఆ నిజాన్ని గుండ్రటి అక్షరాల్లో రాయడం నా పని. నేను రాసిన దానిలో సగం లాటిన్ పేర్లు. వాటి అర్థం నాకు తెలియదు గానీ అందంగా ఉండేవి.

మూడేళ్ళ నుంచి నేను టెంపరరీ. పర్మనెంటు చేయాల్సింది మా దొర. పూలమొక్కల విషయంలో ఆయన మహా పండితుడని అందరూ అనేవారు. పుట్టగొడుగుల మీద మాత్రం ఆయనకి ప్రేమే గాని పాండిత్యం లేదు. ప్రేమ అంటే మామూలు ప్రేమ కాదు. గొడుగు కింద రేకులకి బదులు పళ్ళు ఉండే రకం ఒకటుంటుంది. చిన్న చిన్న ముళ్ళలా, కిందికి వేలాడుతూ, నోరు తెరిచినట్టు కనిపిస్తాయి. అది ఎగువ కొండల్లో పుచ్చిన మానుల మీద ఉందని ఎవరో చెబితే, దాని కోసం మా దొర ఏళ్ళ తరబడి కలవరించాడు. ఎవరి మీదైనా కోపం వస్తే తిట్టేవాడు కాదు, "ఇంకా దొరకలేదు" అనేవాడు. దేన్ని గురించో మాకందరికీ తెలుసు.

అది దొరికినప్పుడు దొర ఊళ్ళో లేడు, పైఊళ్ళకి తనిఖీకి వెళ్ళాడు. మంచి వానాకాలం. కొండల్లో మొక్కలు ఏరి తెచ్చే మా బర్మా ఆయన ఒక పొద్దున్న నిలువెల్లా తడిసి మేడ ఎక్కాడు. భుజాన అరిటాకుల పొట్లం. దాన్ని నా బల్ల మీద విప్పి, "సయా, ఇదిగో పళ్ళది" అన్నాడు. సయా అంటే అక్కడ గురువుగారు అని. కలం పట్టుకున్న ప్రతివాణ్ణీ అలాగే అంటారు. నాకు ఆ పిలుపు మహా ఇష్టం.

పొట్లంలో మూడు ముక్కలున్నాయి. పాలలా తెల్లగా, చేత్తో తాకితే మెత్తగా, కింద వరస వరసగా పళ్ళు. పెన్సిలుతో రాసిన చీటీ కూడా తెచ్చాడు గాని, వానకి నాని, ఊరి పేరూ చెట్టు పేరూ తప్ప మిగతా గీతలన్నీ కరిగిపోయాయి. రంగు, వాసన, రుచి ఉన్న చోట బూడిదరంగు మరక మిగిలింది. ఆయన మర్నాడే మళ్ళీ కొండల దారి పట్టాడు.

దొరకి తంతి ఇచ్చాను. జవాబు వెంటనే వచ్చింది. పదిరోజుల్లో వస్తాను, అంతదాకా పాడవకుండా చూడు, అది దక్కితే నీ కాగితం మీద సంతకం చేస్తాను, అని. పర్మనెంటు అన్న మాట మా ఇంటా వంటా ఇంతవరకూ లేదు.

ఆఫీసులో బొగ్గుల మీద ఆరబెట్టే రేకు పెట్టె ఉండేది. దాని అడుగు ఆ నెలలోనే తుప్పుపట్టి ఊడిపోయింది. కిటికీలో పెడదామంటే బయట ధారగా వాన. బీరువాల్లో ముందే పెట్టిన పుట్టగొడుగుల మీద బూజు పట్టి, పిల్లి బొచ్చులా పెరుగుతోంది. రెండోరోజుకి నా పళ్ళ పుట్టగొడుగు మూలన కొంచెం మెత్తబడింది. ఇక లాభం లేదని పొట్లం కట్టి, ట్రామెక్కి, చిమిండైంగ్‌లో మా ఇంటికి పట్టుకుపోయాను.

ఇంట్లో ఉన్నది నేనూ మా మేనత్తా. మా నాన్న పోయాక నన్ను ఓడెక్కించి తెచ్చి పెంచింది ఆవిడే. చిమిండైంగ్ బజారులో ఎండుచేపలు అమ్మేది. నిలవ చేయడంలో ఆవిడకి సాటి లేదు. ఆషాఢంలో ఎండబెట్టిన చేప సంక్రాంతికి కూడా ఫెళఫెళమని విరిగేది. మా వాళ్ళ పిల్లలు అత్త అనేవారు, పెద్దవాళ్ళు కూడా అత్తే అనేవారు. బజారులో బర్మా ఆడవాళ్ళు "అదో" అని పిలిచేవారు, వాళ్ళ మాటలో అదీ అత్తే.

పొట్లం విప్పి చూపించాను. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు, ఆశ్చర్యపోలేదు. తిరగేసి చూసి, "దీనికి పళ్ళున్నాయేటిరా" అంది.

"దొరగారిది అత్తా. పొయ్యి మీద తడకేసి ఆరబెట్టు. పాడైతే నా ఉద్యోగం గోవిందా."

"నానుండగా ఏల పాడవుతాది? నువ్వెల్లు" అంది.

నేను వెళ్ళిపోయాను. ఆరబెట్టమన్నాను గాని, ఎలా ఆరబెట్టాలో చెప్పలేదు. చేపలు ఎండబెట్టే మనిషికి ఆరబెట్టడం ఎలాగో చెప్పడం వంటవాడికి అన్నం ఎలా వండాలో చెప్పినట్టుంటుందని అనుకున్నాను. నాలుగోరోజు తడక దించి చూశాను. మూడు ముక్కలూ మేలిమి పసుపురంగులో ఉన్నాయి. వేలుతో రాసి నాలిక్కి అద్దుకున్నాను. ఉప్పు.

"ఏం చేశావత్తా?"

"ఏటి సేత్తాను? రెండు రోజులు ఉప్పులో ఊరేసినాను, కడిగినాను, పసుపట్టినాను, పొగెట్టినాను. నేకపోతే పురుగట్టదేటి?"

"ఇది చేప కాదత్తా."

"తెలుసు. సేపకి రెక్కలుంటాయి" అంది ఆవిడ, నిమ్మళంగా.

ఆ ఆదివారమంతా బ్రష్షు పుచ్చుకుని కూర్చున్నాను. పైన పసుపు కొంచెం రాలింది గాని, లోపలిది పోలేదు. వాసన అంతకంటే పోలేదు. అదే తడక మీద పక్కన ఆవిడ చేపలు కూడా ఉన్నాయి మరి. కాని ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఒక్క పన్ను రాలలేదు. మామూలుగా ఆరబెడితే ముట్టుకోగానే పొడి అయిపోయే పళ్ళు, తోలులా గట్టిపడి, వరస చెదరకుండా ఉన్నాయి. దొర రాగానే ఉన్నదున్నట్టు చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసుకుని బట్టీ కూడా పట్టాను.

దొర వచ్చాడు. టోపీ తియ్యకుండానే పొట్లం విప్పాడు. ఆయన మొహంలో అంత ఆనందం నేనెప్పుడూ చూడలేదు. నా మొదటి వాక్యం నోటిదాకా వచ్చింది.

"పసుపురంగు" అన్నాడాయన, గుడిలో మాట్లాడినట్టు. "ఇంతవరకూ తెలిసినవన్నీ తెలుపే. మందు పూశావా?"

బీరువాలో పెట్టేముందు పురుగు పట్టకుండా పాదరసం మందు పూస్తాం, అది విషం. ఇంకా పూయలేదన్నాను. ఆయన చిటికెడు ముక్క విరిచి నోట్లో వేసుకుని, నమిలి, ఉమ్మేసి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కాసేపటికి ఇటు తిరిగి, "సముద్రానికి అంత దూరాన, కొండల మీద, ఉప్పటి పుట్టగొడుగు" అన్నాడు. నా నాలుగు వాక్యాలూ ఎటో పోయాయి.

అది పిరికితనమే. దానికి నేనిప్పుడు వేరే పేరు పెట్టను. ఆయన సంతోషం చెడగొట్టలేక ఊరుకున్నానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను గాని, కళ్ళముందు ఆడుతున్నది నా పర్మనెంటు కాగితమే.

ఆయన నాలుగు రోజులు గది తలుపేసుకుని ఐదు పేజీలు రాశాడు. అది కొత్త జాతి అట. ఒక ముక్కని మంగళవారం ఓడలో సీమకి, అక్కడి పెద్ద పండితులకి పంపాలి. అదే రోజు నా కాగితం మీద సంతకం. శనివారం నాడు లేబుల్ చిత్తు నాకిచ్చాడు. రంగు: బంగారు పసుపు. రుచి: మిక్కిలి ఉప్పన. వాసన: అసహ్యం, కుళ్ళిన చేప. నేను నా జన్మలో అంత అందమైన లేబుల్ రాయలేదు. కింద మూలన రాసినవాడి పొడి అక్షరాలు వేయడం మా ఆనవాయితీ. అవీ వేశాను. ఒక కాపీ మీద సిరాచుక్క పడితే దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను, దస్తూరీ చూసుకుని మురిసిపోవడానికి.

ఆదివారం పొద్దున్న అత్త చేపలు తిరగేస్తూ ఆ కాగితం చూసింది.

"నా పని గురించేనా? ఏటి రాసినారు, సదువు."

చదవకుండా ఉండాల్సింది. కాని ఎవరైనా నా రాత చదవమంటే నేను ఆగలేను. తెలుగులో చెప్పుకుంటూ పోయాను.

"రంగు, పసుపు."

"ఔను, మంచి పసుపు."

"రుచి, ఉప్పన."

"ఉప్పు బాగా పట్టినాది" అంది, తల పంకిస్తూ.

"వాసన, కుళ్ళిన చేప."

చేప తిరగేస్తున్న చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ చదవమంది. చదివాను.

"కుళ్ళిన సేపకీ ఎండిన సేపకీ తేడా తెలీనోడా మీ దొర? నా సేతి సరుకు కుళ్ళినాదని కాయితం మీన రాసి ఓడెక్కిత్తారా?"

"అది చేప కాదు కదత్తా, పుట్టగొడుగు."

"ఏదైతేనేటి? ఉప్పెట్టింది నాను. పద, మీ దొర దగ్గిరకి."

అప్పుడు నిజం చెప్పాను. దొరకి ఉప్పు సంగతి తెలియదని, తెలిస్తే మంగళవారం సంతకం పడదని, ఉన్న ఉద్యోగం కూడా పోవచ్చని. ఆవిడ నా మొహం చూసింది. నేను పర్మనెంటు కాబోతున్నానని బజారంతా చాటుకుంది పాపం.

"నీ నౌకరీ పోతాదంటే ఎల్లనులే" అని, మళ్ళీ చేపలు తిరగేయడం మొదలెట్టింది.

గండం గడిచిందనుకున్నాను. సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళుతూ బజారు మీదుగా వచ్చాను. అత్త తన చోట కూర్చుని ఉంది. ఒక చేప తీసి వాసన చూసింది. పక్కన పెట్టింది. ఇంకొకటి తీసి వాసన చూసింది. ఎప్పుడూ కొనే బర్మా ఆవిడ వచ్చి చెయ్యి చాస్తే, "ఉండు, వాసనొత్తందేమో సూడనీ" అని బర్మా మాటలో అంది. ఆవిడ పకపకా నవ్వింది, అత్త నవ్వలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ చోట కూర్చున్న మనిషి, నేను రాసిన ఒక్క మాట వల్ల తన ముక్కునే నమ్మడం మానేసింది.

నాకు కోపం వచ్చింది. దొర మీద, అత్త మీద, అన్నిటికంటే నా గుండ్రటి అక్షరాల మీద. "లే అత్తా, పోదాం" అన్నాను.

"ఎక్కడికి?"

"దొర దగ్గరికి. ఆ బుట్ట కూడా తీసుకో."

ఆవిడ రెండోసారి చెప్పించుకోలేదు. ట్రాములో మా చుట్టూ మూడు బెంచీలు ఖాళీ అయ్యాయి. దారి పొడుగునా నేను ఇంగ్లీషు వాక్యాలు కూర్చుకున్నాను. అత్త ఏమన్నా నేను మెత్తగా మార్చి చెప్పాలని, తిట్టు వస్తే మనవి అని మార్చాలని పథకం వేసుకున్నాను.

పథకం గుమ్మంలోనే చచ్చిపోయింది. మా దొర అడవుల్లో తిరిగి తిరిగి బర్మా భాష బాగా నేర్చాడు. మా అత్తది బజారు బర్మా. నేను "సర్, ఒక మనవి" అనేలోపల ఆవిడ బుట్ట ఆయన బల్ల మీద, ఆ ఐదు పేజీల పక్కన పెట్టి, బర్మాలో అడిగేసింది.

"నా చేప కుళ్ళిందని రాసింది మీరేనా?"

దొర నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

ఆవిడ ఒక చేప తీసి ఫెళ్ళున విరిచి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "చూడండి." ఆయన వాసన చూశాడు. పెద్ద పెద్ద అధికారులు చెప్పినా వినని మనిషి, ఎందుకో ఆవిడ చెప్పగానే విన్నాడు. "ఇప్పుడు అది చూడండి" అంది, పొట్లం వైపు వేలు చూపించి. ఆయన పళ్ళ పుట్టగొడుగు తీసి వాసన చూశాడు. మళ్ళీ చేప. మళ్ళీ పుట్టగొడుగు. ఆ వరసలో నాలుగుసార్లు.

"రెండూ ఒకటేనా?"

"ఒకటే" అన్నాడు దొర, నెమ్మదిగా.

"కుళ్ళిందా?"

ఆయన కళ్ళు మూసుకుని ఇంకోసారి చూశాడు. "లేదు. కుళ్ళలేదు."

"అయితే అది రాయండి."

దొర నాతో ఇంగ్లీషులో, "ఇది తెల్లగా ఉండేదా?" అన్నాడు.

"పాలలా తెల్లగా ఉండేది, సర్. ఉప్పూ పసుపూ మా ఇంట్లో పట్టినవి. మీరు వచ్చిన రోజే చెప్పాల్సింది. నా కాగితం కోసం చెప్పలేదు."

బట్టీ పట్టినవాటి కంటే ఇవి తేలికగానే వచ్చాయి. ఆయన కుర్చీలో కూర్చుని తన ఐదు పేజీలనీ తీసి, మేము పుట్టగొడుగులకి కట్టే పొట్లంలాగే నాలుగు వైపులా మడిచి, సొరుగులో పెట్టాడు. చాలాసేపు సొరుగు మీద చెయ్యి తీయలేదు. ఆయన మీద నాకు జాలేసింది. ఇన్నేళ్ళు కలవరించి, చివరికి మా అత్త వంటింటిని కొత్త జాతిగా కనిపెట్టాడు.

తరువాత లేచి, బీరువా తెరిచి, ఆ వానాకాలంలో పెట్టిన పుట్టగొడుగుల పొట్లాలన్నీ ఒక్కొక్కటే విప్పాడు. ఒకదాంట్లో బూజు, ఒకదాంట్లో పురుగు, ఒకదాంట్లో పిండి. అన్నీ చూసి మళ్ళీ అత్త దగ్గరికి వచ్చి, కాగితం తీసుకుని, "ఎలా చేశావమ్మా, మొదటినుంచీ చెప్పు" అన్నాడు. ఆవిడ చెప్పింది. ఎంత ఉప్పు, ఎన్ని రోజులు, ఏ కట్టె పొగ, ఎప్పుడు తిరగేయాలి. ఆయన రాసుకుంటూంటే మధ్యలో ఆపి, "ఇది రాసినాడేటో సూడరా" అని నన్ను తనిఖీ చేయమంది. మూడేళ్ళలో దొర రాతని నేను తనిఖీ చేసింది ఆ ఒక్కసారే.

నా సంగతి ఆఖరికి వచ్చింది. "ఉప్పుకి శిక్ష లేదు" అన్నాడు. "నోరు మూసుకున్నందుకు ఇంకో ఏడాది టెంపరరీ." నేను తల ఊపాను. అంతకంటే ఎక్కువే పడుతుందనుకున్నాను.

"కొత్త లేబుల్ రాయి. తెచ్చినప్పటి రంగు, తెలుపు. ఇప్పటి రంగు, పసుపు వల్ల. రుచి, వాసన, ఉప్పులో ఊరవేసి ఎండబెట్టినందువల్ల. కింద ఇంకో వరస రాయి. నిలవ చేసినవారు, ఆమె పేరు."

నేను నిలబడే కలం సిరాలో ముంచి చకచకా రాసుకుంటూ వచ్చాను. చివరి వరస దగ్గర చెయ్యి ఆగిపోయింది. లాటిన్ పేర్లు వందలు రాశాను. కొండలో మొలిచే ప్రతి గడ్డిపోచకీ పేరు రాశాను. పన్నెండేళ్ళు ఆవిడ వండినది తిన్నాను. ఆవిడ పేరేమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ తోచలేదు.

"అత్తా, నీ పేరేటి?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఏలరా?"

"రాయాలి."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు గుమ్మం వైపు చూసింది. తరువాత మెల్లిగా చెప్పింది. ఎవరూ పిలవక ఎన్నాళ్ళయిందో, మొదటిసారి గొంతు సరిగ్గా రాలేదు. నేను మళ్ళీ చెప్పించుకున్నాను.

రాశాను. రెండో అక్షరం దగ్గర కలం జారి గీత పక్కకి పోయింది. ఇంకో లేబుల్ తీసుకోబోతే దొర వద్దన్నాడు. ఆ బీరువాల్లో నా చేతి లేబుళ్ళు వందలున్నాయి, అక్షరం వంకరపోయినది అదొక్కటే.

"ఏటి రాసినావో సదువు" అంది అత్త.

చదివాను. ఆవిడ విని, బుట్ట నెత్తికెత్తుకుని, "ఔను, అది నానే" అంది.